చెరసాలలో వాల్మీకి

కారాగారమును శ్రీకృష్ణ జన్మస్థానమని పరిహాసముగా పిలుచుకొనుటయు, అందలి తిండిని చిప్పకూడని ఈసడించుటయు ఎరిగిన మన జాతికి, చెరసాలలో కవిత్వము పుట్టుట క్రొత్త సంగతి కాదు. భద్రాద్రి రాముని గుడికై సర్కారు పైకమును వెచ్చించి గోలకొండ చెరలో మగ్గిన కంచెర్ల గోపన్న కీర్తనలు నేటికిని మన భజన మందిరములలో మారుమ్రోగుచునే యున్నవి. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ‘మాలపల్లి’ని జైలులో కూర్చుండియే వ్రాసిరి. నిజామాబాదు జైలు గోడపై దాశరథి బొగ్గుతో పద్యములు వ్రాసిన వృత్తాంతమును తెలంగాణమున బడిపిల్లలు సైతము చెప్పుదురు. అయినను ఈ మహనీయులందరును లోపల కాలిడునాటికే విద్యావంతులు. వారిని నిర్బంధించినవారు చేతిలోని కాగితమును లాగికొనగలిగిరేమో గాని, బుద్ధిలోని విద్యను లాగికొనలేకపోయిరి. నే నిచ్చట ముచ్చటింపదలచినది వేరొక తెగవారిని గూర్చి: కలము పట్టి యెరుగక, పద్యము పలికి యెరుగక, దొంగతనమునకో, దొమ్మీకో, హత్యకో శిక్షపడి వచ్చిన సామాన్యుని గూర్చి; అతని చేతికి ఒక కుంచెయో, ఒక మద్దెలయో, ఒక నాటకములోని పాత్రయో అందిన పిమ్మట ఏమి జరుగునను విషయమును గూర్చి.

ఇట్టి ప్రయత్నములలో మన దేశమున మిక్కిలి పేరు గాంచినది కలకత్తాలోని ప్రెసిడెన్సీ కారాగారమున జరిగినది. నాట్యమునందు ఆరితేరిన అలకనంద రాయ్ అను నర్తకి 2007వ సంవత్సరమున మహిళా దినోత్సవ సందర్భమున ఆ జైలునకు అతిథిగా పోయెను. స్త్రీ ఖైదీలకు నాలుగు అడుగులు నేర్పుటకు పిలువబడిన ఆమె, ఉత్సాహమనునది ఏ కోశమునను లేక నిలిచియున్న పురుష ఖైదీలను చూచి, వీరికి మాత్ర మేల నేర్పరాదని అడిగెననియు, అప్పటి కారాగారశాఖాధిపతి బి. డి. శర్మగారు అందులకు సమ్మతించిరనియు చెప్పుదురు. తగవులలో రాటుదేలిన ఆ దేహములకు నాట్యమనగానే అది ఆడువారి వ్యవహారమను తలంపు. ఆ తలంపును ఆమె వాదముచే ఖండింపబూనక, యుద్ధవిద్యలకు చెందిన అడుగులతోను, డోలు మ్రోతతోను వారిని మెల్లగా దారికి తెచ్చెను. కాలక్రమమున వారామెను ‘మా’ యని, అనగా అమ్మా యని, పిలువజొచ్చిరి.

వారిచే ఆడించుటకు ఆమె యెన్నుకొన్న రూపకము రవీంద్రుని ‘వాల్మీకి ప్రతిభ’. 1881లో, ఇరువది యేండ్లయినను నిండని ప్రాయమున, రవీంద్రుడు దానిని రచించి, జొరాసాంకోలోని స్వగృహమున తానే వాల్మీకి వేషము ధరించి ఆడెను. మన పెద్దలు చెప్పు కథలో బోయవాడు దారి కాచి కొట్టి తెచ్చిన సొమ్మును అనుభవించిన ఆలుబిడ్డలు, పాపములో మాత్రము పాలు పంచుకొనమని తెగేసి చెప్పగా, అతడు మునుల ఉపదేశమున ‘మరా మరా’ యని జపించి, పుట్టలో మునిగి, మహర్షియై వెలువడును. రవీంద్రుని కథలో పుట్ట లేదు, మంత్రము లేదు. కాళికకు బలి యీయ తెచ్చిన పసిదాని యేడ్పు దొంగలనాయకుని చెవి సోకును. ఎత్తిన కత్తి దిగిపోవును. పాత పని చేయుటకు మనసొప్పక, క్రొత్త పని యేదియో తెలియక అతడు అడవిలో పిచ్చివానివలె తిరుగును. క్రౌంచవధను చూచినపుడు అప్రయత్నముగా నోట శ్లోకము వెడలును. లక్ష్మి వచ్చి యిచ్చెదనన్న సిరిని కాదన్న పిమ్మట సరస్వతి ప్రత్యక్షమై వీణ నొసగును. ఈ కథలో చూపరుల కన్నులు చెమర్చునది బాలిక ఘట్టమే కావచ్చును గాని, ఖైదీకి మిక్కిలి దగ్గరగా నుండునది ఆ నడిమి ఘట్టమని నా యూహ. కత్తి దింపుట ఒక్క క్షణము. దింపిన పిమ్మట ఈ చేతులతో ఏమి చేయవలెనను ప్రశ్నకు సంవత్సరములు పట్టును. విడుదల కాగితముతో గేటు దాటిన ప్రతివానికిని ఆ అడవి యెదురగుచునే యుండును.

ఆ నాటకమున వాల్మీకి వేషము ధరించిన నైజెల్ అక్కరా తీవ్రమైన నేరములపై లోపలికి వచ్చిన యువకుడు. 2009లో విడుదలయై స్వంతముగా ఒక వ్యాపారము నిలబెట్టుకొని, 2012లో వెలువడిన ‘ముక్తధార’ యను వంగ చలనచిత్రమున నటించెను; ఆ చిత్రమునకు వస్తువు ఈ జైలు నాటకమే. పోలీసు కాపలా నడుమ ఈ బృందము కలకత్తాలోని ప్రేక్షాగారములలోను, వంగదేశము వెలుపలను ప్రదర్శనము లిచ్చినది. అంత స్వేచ్ఛ దొరకియు ఒక్కడును పారిపోలేదని అలకనంద సగర్వముగా చెప్పుకొనుచుండును.

సగర్వముగా చెప్పుకొనుటకు అర్హమైన విషయమే. కాని అన్నిచోట్లను ఇట్లే జరుగునని పాఠకులు భ్రమపడవలదు. స్వీడను దేశమున మిక్కిలి కట్టుదిట్టమైన కుమ్లా కారాగారపు ఖైదీలు యాన్ యోన్సన్ అను నటుని శిక్షణలో శామ్యూల్ బెకెట్ నాటకము ‘గోడో కొరకు నిరీక్షణ’ను సిద్ధము చేసి, 1986లో గోటెన్‌బర్గు నగరమున ప్రదర్శింపబోవు సమయమున, తెర లేచుటకు కొంచెము ముందుగా, నటులలో పలువురు పలాయితులైరి. ఎంతకును రానివానికై యెదురుచూచు ఇద్దరి కథ అది. ఆనాడు ప్రేక్షకులే నటులకై యెదురుచూడవలసి వచ్చినది. ఈ వార్త చెవినిబడగా బెకెట్ మహాశయుడు పెద్దగా నవ్వెనట.

ఆ నాటకమునకును కారాగారములకును ముడి పడుట అంతకు మూడు దశాబ్దముల పూర్వమే జరిగినది. ఆ వృత్తాంతము కొంత విస్తరించి చెప్పదగినది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు టొడ్డున 1852 నుండి నడచుచున్న శాన్ క్వెంటిన్ జైలులో, 1913లో సారా బెర్న్‌హార్ట్ అను సుప్రసిద్ధ ఫ్రెంచి నటి వచ్చి ఆడిన తరువాత మరి నాటకమన్నది లేదు. 1957 నవంబరు 19వ తేదీన హెర్బర్ట్ బ్లౌ అను దర్శకుడు తన యాక్టర్స్ వర్క్‌షాప్ బృందముతో అచ్చటికి పోయెను. ఆ నాటకము నెన్నుకొనుటకు ఒక ముఖ్య కారణము అందు స్త్రీ పాత్ర లేకపోవుట! నగరములలోని నాగరక ప్రేక్షకులే తల గోకుకొని లేచిపోయిన నాటకమది. కథ యనదగినది లేదు, ఒక చెట్టు, ఇద్దరు దేశదిమ్మరులు, ఎంతకును రాని ఒక పెద్దమనిషి, అంతే. భోజనశాలలో ఎదుట కూర్చున్నది 1,400 మంది ఖైదీలు. నటుల గుండెలు దడదడలాడుట సహజమే. బ్లౌ ముందుగా వేదిక నెక్కి, దీనిని జాజ్ సంగీతము విన్నట్లు వినుడు, ఎవనికి దొరకిన యర్థము వాడు తీసికొనుడు అని మాత్రము చెప్పి దిగిపోయెను.

తరువాత జరిగినదానిని ఆ ఖైదీల స్వంత వార్తాపత్రికయే వ్రాసినది. కండలు తిరిగిన ముగ్గురు వస్తాదులు, ఆడపిల్లలు వత్తురు, హాస్యము వచ్చునని నడవ ప్రక్కన ఆసీనులై, రెండును రాకపోగా విసుగుకొని, దీపములు మందగించగనే జారుకొందమని నిశ్చయించుకొనిరట. వారు చేసిన పొరపాటెల్ల మరి రెండు నిమిషములు వినుచు కూర్చుండుటయే, చివరంటను కదలలేదు. పండితులు సంవత్సరముల తరబడి తర్కించిన రచన ఆ భోజనశాలలో ఏ వ్యాఖ్యానమును లేకయే బోధపడినది. అంతటినుండి గోడో యను పేరు ఆ జైలు పలుకుబడిలో చేరిపోయినది.

ఆ రాత్రి ప్రదర్శనము చూచుటకు అనుమతి లేక కొట్టులో నుండిపోయినవారిలో రిక్ క్లూషీ యనువాడొకడు. మనుష్యుని అపహరించి దోచుకొన్న నేరమునకు, ఎన్నటికిని పెరోల్ లేని యావజ్జీవశిక్ష పడిన యువకుడు. అతడు నాటకమును చూడలేదు, లోపలినుండి వినెను. తరువాత తోడి ఖైదీలతో కలిసి ఒక నాటకశాల పెట్టుకొనుటకు అధికారుల నర్థింపగా, వా రిచ్చిన చోటు ఒకప్పుడు ఉరికంబ ముండిన గది. నూరుమంది యైనను పట్టని ఆ గదిలో, మనుష్యుల నిలబెట్టి పలక లాగిన చోటనే వీరు వేదిక కట్టుకొని, ఏండ్ల తరబడి బెకెట్ నాటకముల నొకదాని వెంట నొకటిగా ఆడిరి. 1966లో గవర్నరు పాట్ బ్రౌన్ శిక్షను సవరింపగా క్లూషీ వెలికి వచ్చెను. తాను వ్రాసిన ‘పంజరము’ అను నాటకముతో దేశములు తిరిగెను. తుదకు బెర్లినులో సాక్షాత్తు బెకెట్ మహాశయునకే శిష్యుడయ్యెను. 1977లో ‘క్రాప్ చివరి టేపు’ను బెకెట్ అతనిచే ఆడించెను. ఒక ముసలివాడు ఒంటరిగా గదిలో కూర్చుండి, తన పడుచుతనమున ముద్రించుకొన్న తన గొంతునే యంత్రమున వేసికొని, ఆ మాటలాడుచున్న మూర్ఖుడెవడని చిరాకుపడుచు, విసుగుకొనుచు, మరల మరల త్రిప్పుకొని వినుట ఆ నాటకము. పూర్వజన్మవంటి తన గతమును మోయుచున్న క్లూషీ ఆ పాత్రకు ఎంత తగినవాడో వేరుగ చెప్పనక్కరలేదు. అతడు 2015లో మరణించునాటికి జగద్విదితుడైన బెకెట్ నటుడు; ఖైదీగా ఉండి నటించినవాడని కాదు, నటుడని.

ఈ భేదమే నాకు ముఖ్యము. జైలులో కళను ప్రవేశపెట్టువారిలో పెక్కురు దానిని ఔషధముగా భావింతురు: ఇన్ని మోతాదులు ఇచ్చినచో ఇంత సత్ప్రవర్తన కలుగవలెను, లేనిచో ఖర్చు దండుగ. కాలిఫోర్నియాలో ఎలాయీజ్ స్మిత్ అను చిత్రకారిణి 1977లో వాకావిల్ జైలున ఆరంభించిన కళాశిక్షణ కొలది కాలమునకే రాష్ట్రమంతటను వ్యాపింపగా, 1983లో లారీ బ్రూస్టర్ అను ఆచార్యుడు నాలుగు జైళ్ళను పరిశీలించి, శిక్షణ పొందినవారిలో క్రమశిక్షణోల్లంఘనలు తగ్గెననియు, ప్రభుత్వమునకు కలిగిన లాభము వ్యయమును మించెననియు లెక్కలు కట్టి చూపెను. అయినను 2010లో బొక్కసము కరవుపడగనే అధికారులు మొట్టమొదట కత్తెర వేసినది ఈ పద్దుకే. మరల 2014లో గాని అది ప్రాణము పోసికొనలేదు. లాభమును చూపి తెచ్చుకొన్న వస్తువు నష్టమును చూపి పోగొట్టుకొనవలసివచ్చునని దీనివలన తెలియుచున్నది. అదియునుగాక, తనంతట తాను నాటకములో చేరుటకు ముందుకు వచ్చినవాడు చేరనివానికంటె ఆదినుండియే మారుటకు కొంత సుముఖుడై యుండునేమో. అట్టివాని సత్ప్రవర్తనలో నాటకము పాలెంత, వాని స్వభావము పాలెంత యని వేరుచేసి చెప్పగల త్రాసు ఎవరివద్దను లేదు.

ఇటలీలో వోల్తేరా పట్టణపు కొండపై మెడిచీ ప్రభువుల నాటి కోటలో నున్న జైలులో 1988 నుండి ఖైదీలచే నాటకము లాడించుచున్న అర్మాందో పుంజో ఈ చిక్కును మొదటనే గ్రహించినవాడు. తాను ఎవరిని ఉద్ధరించుటకును రాలేదనియు, మంచి నాటకము వేయుటకు మాత్రమే వచ్చితిననియు ఆయన పలుమారులు చెప్పియున్నాడు. పైకి కటువుగా తోచు ఈ మాటలోనే, నా యెంచికలో, అధికమైన గౌరవమున్నది. నిన్ను బాగుచేయ వచ్చితినని చెప్పినవాని యెదుట ఖైదీ మరల నేరస్థుడే. ఈ వాక్యము నీవు సరిగా పలుకలేదు, మరల పలుకుము అని చెప్పినవాని యెదుట అతడు నటుడు. ప్రతి వేసవియందును వెలుపలి ప్రేక్షకులు గుర్తింపు కాగితములు చూపించి ఆ కోటలోనికి పోయి చూచిన ఆ ప్రదర్శనములకు, దయదలచి కాక, యోగ్యతను చూచియే వెనీసు నగరపు నాటకోత్సవమువారు 2023లో పుంజోకు జీవితసాఫల్య స్వర్ణసింహము నొసగిరి.

ఒక యాక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. చచ్చినవాని యింట ఇంకను ఏడ్పు ఆరలేదు, చంపినవానికి నాటకమా, వేషమా, చప్పట్లా యని బాధితుల బంధువు లడుగుదురు. వా రడుగుటలో న్యాయమున్నది. చప్పట్లను గూర్చి నాకును కొంత అనుమానమే. దూరదర్శన యంత్రముల యెదుట హంతకుని దండలతో ముంచెత్తు సన్మానములు నాకును రుచింపవు. కాని న్యాయస్థానము విధించిన శిక్ష స్వేచ్ఛను తీసివేయుట. బుద్ధిని తుప్పు పట్టించుట అందులో చేరలేదు. మరియు నాటకము సుఖవినోదమని తలంచువారు ఒకసారి అభ్యాసమునకు పోయి చూడవలెను. చెప్పిన వేళకు రావలెను, ఎదుటివాని మాట ముగియువరకు నోరు మూసికొనవలెను, తనకు గిట్టని బారకువానితో చేతులు కలిపి నిలువవలెను, నిన్న చేసిన తప్పును నేడు పదిమందిలో దిద్దుకొనవలెను, అన్నిటికంటె కష్టమైనదిగా, తాను కాని మరియొక మనుష్యుని స్థానమున నిలిచి వాని బాధను పలుకవలెను. అలవాటున నేరము చేసినవానికి ఇంతకంటె కఠినమైన చాకిరి రాళ్ళు కొట్టుటలో లేదు.

చేతిపని యనునది మన జైళ్ళకు క్రొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్దమున ఆగ్రా, యెరవాడ జైళ్ళ తివాచీలు సీమకు ఎగుమతి యగుచుండెను; విక్టోరియా మహారాణికై ఆగ్రా ఖైదీలు నేసిన మహత్తరమైన తివాచీ యొకటి నేటికిని విండ్సరు కోటలో నున్నది. దానిని గూర్చి చెప్పినపుడు రాణి పేరు వినవచ్చును గాని, నేసినవారి పేర్లు వినరావు. రంగు లొకరు నిర్ణయించిరి, నమూనా మరియొకరు గీచిరి, ఖైదీ వ్రేళ్ళు మాత్రము కదలినవి. అది నైపుణ్యము, అది ఆదాయము. కాని తన మనసులోనిదానిని తాను వెలికి తీసి చూచుకొనుట అందులో లేదు. నేటి జైలు పరిశ్రమల బల్లలు, సబ్బులు, రొట్టెలు గూడ ఆ కోవలోనివే. వానిని నేను తక్కువ చేయుట లేదు; కూలి ముట్టునుగదా. అయితే పనిని నేర్పుట వేరు, పలుకును నేర్పుట వేరు.

మన దేశపు పరిస్థితిలో మరియొక విశేషమున్నది. 2022 సంవత్సరాంతమున దేశములోని జైళ్ళలో నున్నవారు 5,73,220 మంది. వారిలో నూటికి 75 మందికి పైగా విచారణలో నున్నవారే, శిక్ష పడినవారు కారు. కఠినశిక్ష పడినవానికి పని యున్నది. రిమాండు ఖైదీకి పని చేయవలసిన విధి లేదు. ఉదయమున లెక్క, సాయంకాలము లెక్క, నడుమ వాయిదా తేదీకై యెదురుచూపు. ములాఖాత్ నాడు తప్ప మాటలాడుటకు విషయమే యుండదు. ఈ ఖాళీలో దొంగకు పెద్దదొంగ గురువగుటలో ఆశ్చర్యమేమున్నది? ఇట్టివారితో నాటకము పట్టుట కష్టమే; నాయకపాత్రధారికి ప్రదర్శనమునకు రెండు దినముల ముందు బెయిలు రావచ్చును, అప్పుడు దర్శకుడు ఏడ్వవలెనో నవ్వవలెనో తెలియదు. అయినను ఎవరికి కాలము మిక్కిలిగా మిగిలియున్నదో వారిని విడిచి, ఉన్నవారిలో నాలుగవపాలు మందికి మాత్రము కళలు నేర్పుదుమనుట అర్థము లేని మాట.

న్యాయశాస్త్రము గూడ దీనికి అడ్డు చెప్పదు. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగా నున్న ఒక వ్యాజ్యమున, ఉద్యోగము లిప్పించెదనని యువకులను మోసగించిన ఒక ముద్దాయి శిక్షను జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు పదునెనిమిది మాసములకు తగ్గించుచు, రాజ్యము చేయవలసినది పగ తీర్చుకొనుట కాదు, మనిషిని మరల నిలబెట్టుట యని వ్రాసి, అతనికి యంత్రమువలె విసుగు పుట్టించు పని కాక బుద్ధికి పని కల్పించునదే యీయవలెనని ఆదేశించిరి. మన తెలుగునేలనుండి పోయిన వ్యాజ్యమున వెలువడిన తీర్పు గనుక, దీనిని అమలుపరచుటలో మన మొక అడుగు ముందుండవలసినది.

మరి మన జైళ్ళలో జరుగుచున్నదేమి? ఆగస్టు 15న జెండావందనము, అక్టోబరు 2న మహాత్ముని జయంతి. ఆ దినములలో ఒక పాటకచ్చేరియో, ఒక మాంత్రికుని ప్రదర్శనమో, అధికారుల ఉపన్యాసము, మిఠాయి. ఖైదీలు చూచి చప్పట్లు కొట్టుదురు. పండుగకు నేను విరోధిని కాను. కాని సంవత్సరమునకు రెండు దినములు చూచుట వలన ఎవడును పాట నేర్వడు. వారమునకు రెండు పూటలు, ఒక గది, ఒక గురువు, మూడేండ్లు మారని యేర్పాటు: ఇంతకు మించి అడుగవలసినది లేదు. ఆ గురువునకు జీతము కళాకారుని జీతముగా నుండవలెను, సేవాధర్మమను పేర ఉచితముగా కాదు. కత్తెరలు, కుంచెలు, సుత్తులు లెక్కపెట్టి యిచ్చి లెక్కపెట్టి తీసికొనుట వంటి జాగ్రత్తలు ప్రపంచములోని ప్రతి జైలుకును తెలిసినవే. వానిని సాకుగా చూపనక్కరలేదు.

ఏ కళ నేర్పవలెనన్నచో, మనకు పరదేశముల వంక చూడవలసిన పనియే లేదు. రాయలసీమ చెక్కభజనకు వేదిక యక్కరలేదు, తెర యక్కరలేదు. ఇరువదిమంది ఒక్క అడుగులో అడుగు వేసి, ఒక్క దెబ్బలో దెబ్బ వేయవలెను, ఒక్కడు తప్పినను అందరికిని వినబడును. అక్షరము రానివాడు గూడ అందు నాయకుడు కాగలడు. బుర్రకథకు ముగ్గురు చాలుదురు. అందులో హాస్యము చెప్పువానికి ప్రభువులను సైతము వెక్కిరించు హక్కున్నది, ఆ హక్కు జైలులో ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును. 1885లో కడప మండలపు సురభి గ్రామమున ‘కీచకవధ’తో మొదలుకొని తరతరములుగా కుటుంబములకు కుటుంబములే రంగస్థలమున బ్రతికిన సురభి నటులు ఇంకను మన నడుమ నున్నారు, పని లేక, ప్రేక్షకులు లేక చింతించుచున్న అట్టి వృత్తికళాకారులకు జైలు గురుత్వము ఒక జీవనాధారము కాగలదు.

అందుచేత రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, నెల్లూరు, కడప, చర్లపల్లి, చంచలగూడ కేంద్రకారాగారముల చెంత నివసించు నాటకసమాజముల వారికి నా విన్నపము. పరిషత్తుల పోటీలకై మీరు సంవత్సరమెల్ల అభ్యాసము చేయుచునే యున్నారు. మీలో నలుగురు కూడి, మీ యూరి జైలు సూపరింటెండెంటుగారికి ఒక అర్జీ వ్రాయుడు: వారమునకు ఇన్ని గంటలు, ఇంతమందికి, ఈ కళ, మూడేండ్ల పాటు నేర్పుదుమని స్పష్టముగా తెలుపుడు. మొదటి యర్జీకి జవాబు రాకపోవచ్చును. రెండవది కారాగారశాఖ డైరెక్టరు జనరల్ గారికి పంపుడు.